గేటు దగ్గర ఏది ముందుంటే అదే

గుంటూరు బ్రాడీపేటలో ఇంటి అడ్రసు చెప్పడానికి రెండంకెలు చాలు. మొదటిది లైను, రెండోది అడ్డరోడ్డు. నాలుగు బై పద్నాలుగు అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఆటో ఎక్కినవాళ్ళు ఇంకేం చెప్పక్కర్లేదు. పక్కనే ఉన్న అరండల్‌పేటదీ ఇదే లెక్క. ఈ లైన్లు వేసిన కాలంలో ఇళ్ళ ముందు ఆగినవి జట్కాలు, సైకిళ్ళు. ఇప్పుడు పెంకుటిళ్ళ జాగాల్లో ఐదంతస్తుల అపార్టుమెంట్లు లేచాయి. నాలుగు గేట్లకొక ఆసుపత్రి, దాని పక్కన స్కానింగ్ సెంటరు, ఎదురుగా మందుల షాపు. పల్నాడు నుంచీ ఒంగోలు వైపు నుంచీ రోగుల్ని తీసుకొచ్చిన కార్లు రెండు పక్కలా బారులు తీరి ఉంటాయి. రోడ్డు వెడల్పు మాత్రం తాతల నాటిదే. పొద్దున పదిన్నర దాటాక ఇక్కడ కారు పెట్టుకోవడానికి చోటు దొరకడం కల్ల.

నాకు కారుంది, సైకిలూ ఉంది. నేను పాఠాలు చెప్పే కాలేజీ పలకలూరు రోడ్డులో, మా ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. సైకిలు మొదలుపెట్టి పదకొండేళ్ళయింది, ఇప్పుడు వారంలో నాలుగు రోజులు దాని మీదే పోయొస్తున్నాను.

“కారుండి సైకిలేంటి మాస్టారూ?” అని మా వాచ్‌మన్ అడిగాడు. “ఏం బావా, పెట్రోలు దగ్గర కూడా చూసుకుంటున్నావా?” అని పెళ్ళి పందిట్లో నలుగురి ముందు మా బావమరిది అడిగాడు. వాళ్ళ మీద నాకేం కోపం లేదు. మన వైపు సైకిలు దిగడమంటే ఒక మెట్టు పైకెక్కడం. పత్తి బాగా పండిన ఏడాది మా నాన్న సైకిలు అమ్మి స్కూటరు కొన్నాడు. మిర్చికి ధర పలికిన ఏడాది ఊళ్ళో ఎన్ని కొత్త బళ్ళు దిగాయో చూస్తే ఎవరికెంత మిగిలిందో తెలిసిపోయేది. నల్లరేగడి బురదలో మడ్‌గార్డుకూ చక్రానికీ మధ్య మట్టి ఇరుక్కుపోతే, సైకిలు తొక్కడం పోయి దాన్నే భుజాన మోసుకొచ్చిన తరం వాళ్ళది. ఆ కష్టం దాటి వచ్చినవాళ్ళకు, చేతిలో కారు తాళం ఉండీ మళ్ళీ పెడలు మీద కాలు పెట్టేవాణ్ణి చూస్తే మనసు చివుక్కుమంటుంది. అది న్యాయమే.

కానీ నేనేదో వదులుకుంటున్నానని వాళ్ళు అనుకుంటారే, అది మాత్రం నిజం కాదు. కారును వదల్లేదు, వదిలే ఉద్దేశమూ లేదు. ఏ పనికి ఏది తీయాలో తెలుసుకోవడానికే నాకిన్నేళ్ళు పట్టింది.

మొదటి రెండేళ్ళూ తెల్లవారి లేచి, ఇవాళ సైకిలు మీద వెళదామా వద్దా అని ఆలోచించేవాణ్ణి. పొద్దున పూట ఆలోచించడం మొదలుపెడితే కారే గెలుస్తుంది. సెల్లార్‌లో సైకిలు కారు వెనక, మోటారు గది గోడకు ఆనించి ఉండేది. దాన్ని తీయాలంటే ముందు కారు బయటికి తీయాలి. తీసిన కారును మళ్ళీ లోపల పెట్టి సైకిలెక్కే ఓపిక ఎవరికుంటుంది? ఒకరోజు వాచ్‌మన్‌ని బతిమాలి, గేటు పక్కన మెట్ల కింద రెండడుగుల జాగా అడిగి సైకిలు అక్కడికి మార్చాను. అంతే, ఆ నెల నుంచి లెక్క మారిపోయింది. గేటు దగ్గర ఏది ముందుంటే కాళ్ళు దాని దగ్గరికే పోతాయి. కొత్తగా సైకిలు కొని, నెల తిరక్కుండా బాల్కనీలో బట్టలారేసుకునే దండెం చేసుకున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వాళ్ళకు పట్టుదల లేక కాదు. మూడో అంతస్తు బాల్కనీలో ఉన్న సైకిలు రోజూ కిందికి దిగదు.

అందుకే నా సైకిలు ప్రయాణం రాత్రి మొదలవుతుంది. భోంచేశాక కిందికి దిగి రెండు టైర్లూ బొటనవేలితో నొక్కి చూస్తాను. వేలు దిగితే అప్పుడే గాలి కొట్టేస్తాను. పొద్దున ఏడుంబావుకు టైరు మెత్తగా కనిపిస్తే మళ్ళీ కారు తాళం కోసం పైకి పోతానని నాకు తెలుసు. సోమవారం మాత్రం కారే తీస్తాను. ఇస్త్రీ చేసిన చొక్కాలు, రెండు తువ్వాళ్ళు, వారానికి సరిపడా పుస్తకాలు, దిద్దిన పేపర్ల కట్టలు కాలేజీ అలమరలోకి చేరేది ఆ రోజే. ఆ తర్వాతి నాలుగు రోజులూ చేతులూపుకుంటూ సైకిలెక్కొచ్చు. శనివారం మాసిన బట్టలు కారులో వెనక్కొస్తాయి. సోమవారం కారు మోసిన బరువు మీదే నా మంగళవారం సైకిలు నడుస్తుంది. ఈ రెండింటికీ పోటీ పెట్టేవాళ్ళకు ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

దారి కూడా వేరు. కారులో అయితే లక్ష్మీపురం మెయిన్ రోడ్డు. సైకిలు మీద ఆ రోడ్డెక్కను. లైన్లలోంచి లైన్లలోకి, అడ్డరోడ్ల మీదుగా పోతాను. ఒక లైన్లో అంబులెన్సు అడ్డముంటే పక్క లైనుంది. గుజ్జనగుండ్ల దగ్గర మాత్రం బస్సుల మధ్యకు పోక తప్పదు. ఏడుంబావుకు బయల్దేరితే ఇరవై నిమిషాలు. అదే కారులో తొమ్మిదింటికి బయల్దేరితే అరగంట పైనే.

మిర్చి సీజన్ గురించి చెప్పకపోతే గుంటూరులో సైకిలు గురించి చెప్పినట్టు కాదు. ఫిబ్రవరి నుంచి, మిర్చి యార్డుకు సెలవులిచ్చే ఎండాకాలం దాకా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వేసుకున్న లారీలు ఊరి చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. అద్దాలు ఎత్తుకున్న కారులో ఆ సంగతే తెలియదు. సైకిలు మీద ఒక లారీ పక్కగా దాటిపోతే చాలు, ముందు ముక్కులో ఒక చురుకు, వెంటనే గొంతు కింద దగ్గు, ఆ తర్వాత కళ్ళు. అప్పుడు కళ్ళు నులుముకోకూడదు. సైకిలు పక్కకు తీసి, ఆగి, సీసాలో నీళ్ళు దోసిట్లో పోసుకుని కళ్ళు అందులో పెట్టి ఆర్పాలి. రెండు నిమిషాలకు సర్దుకుంటుంది. ఆ రెండు నిమిషాలూ నాకు యార్డులో రోజంతా ఆ బస్తాలు మోసే మనుషులు గుర్తుకొస్తారు.

ఇక మే నెలలో, ఎండ నలభై నాలుగు దాటిన రోజుల్లో మధ్యాహ్నం క్లాసుంటే కారే. వాన పడి మూడు వంతెనల కింద నీళ్ళు నిలిచిన రోజు అటు పనుంటే ఏ బండీ తీయను.

కారు విషయంలో నాకు బుద్ధి చెప్పిన రాత్రి ఒకటుంది. నాలుగేళ్ళ కిందట మార్చి నెల. అప్పటికి మూడు వారాలుగా కారు తీయలేదు. సోమవారం బట్టల పద్ధతి ఇంకా మొదలుపెట్టలేదు. వరసగా ఇరవై రోజులు సైకిలే తొక్కానన్న సంతోషంలో ఉన్నాను. రాత్రి రెండింటికి మా అత్తగారికి ఆయాసం ఎక్కువైంది. ఆవిడకి మిర్చి ఘాటు పడదు. ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని కిందికి దింపి, కారులో కూర్చోబెట్టి తాళం తిప్పాను. టక్ మని ఒక్క చప్పుడు. మళ్ళీ తిప్పాను, డాష్‌బోర్డులో దీపాలు ఎర్రగా వెలిగి, పలచబడి, ఆరిపోయాయి. వెనక సీట్లో ఆవిడ ఊపిరి ఈలలాగా వినపడుతోంది. మా ఆవిడ నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. రెండో అంతస్తు బాబాయిగారు లుంగీ మీదే దిగొచ్చి, “ముందు మా బండిలోకి మార్చండమ్మా” అని తన కారు తీశారు. రెండు లైన్ల అవతలి ఆసుపత్రికి ఐదు నిమిషాల్లో చేరాం. ఆవిడ తెల్లారేసరికి తేరుకుంది. కానీ ఆ ఐదు నిమిషాలు పదిహేనైతే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించడానికి మనసొప్పదు.

మర్నాడు బ్యాటరీ మార్చడానికి వచ్చిన కుర్రాడు బానెట్ ఎత్తి చూపించాడు. ఎలుకలు ఇంజను మీది పరుపు చింపి గూడు కట్టుకున్నాయి. ఒక వైరు తోలు సగం కొరికేశాయి. అప్పుడతను చెప్పిన మాటలే నాకు పాఠం. కారు ఊరికే నిలబెట్టినా అందులోని తాళాలూ గడియారమూ బ్యాటరీని కొంచెం కొంచెం తాగుతూనే ఉంటాయి. పోనీ అని రోజూ రెండు కిలోమీటర్లు తిప్పితే అదింకో చేటు. ఇంజను పూర్తిగా వేడెక్కదు, నూనెలో చేరిన తేమ ఆవిరి కాదు, స్టార్టు చేయడానికి ఖర్చయిన కరెంటు తిరిగి నిండదు. తిప్పితే ఒక్క విడతగా పాతిక కిలోమీటర్లయినా తిప్పాలి.

అప్పటి నుంచి ఆదివారం కారుది. లాం ఫారం దాటి అమరావతి రోడ్డు మీద మా అమ్మగారి ఊరికి పోయొస్తాం. అమ్మకు నెల మందులు, దారిలో కూరగాయలు, వచ్చేటప్పుడు ఒక బియ్యం బస్తా. కారును కారుగా వాడుకునేది అలాంటి రోజునే. సైకిలు తొక్కేవాళ్ళు కారును చూసి సిగ్గుపడాల్సిన పనిలేదు, దాన్ని పట్టించుకోకపోతేనే తప్పు. ఇంకో మాట. మీ కారు ఏడాదికి ఐదారు వేల కిలోమీటర్లు కూడా తిరక్కపోతే బీమా కట్టేటప్పుడు అడగండి. నడిపిన దూరాన్ని బట్టి ప్రీమియం కట్టే పద్ధతికి నియంత్రణ సంస్థ 2022 జులైలో అనుమతిచ్చింది. మన బండికి జరిగే నష్టం తాలూకు భాగంలోనే తగ్గింపు ఉంటుంది, థర్డ్ పార్టీ మాత్రం ఎప్పటిలాగే కట్టాలి.

సైకిలు మాటెత్తితే చాలు, పుచ్చలపల్లి సుందరయ్యగారు 1952లో రాజ్యసభకు వెళ్ళి, పార్లమెంటుకు సైకిలు మీద పోయేవారని మనం పిల్లలకు కథలాగా చెప్తాం. ఆయన సైకిలు తొక్కిన కాలంలో దేశంలో బండి ఉన్న మామూలు మనిషి తొక్కింది కూడా సైకిలే. ఆయన ఎక్కింది ఆ మామూలు మనిషి బండి. 2011 జనాభా లెక్కల నాటికి కూడా మన దేశంలో నూటికి నలభై ఐదు ఇళ్ళలో సైకిలుంది, కారున్నవి నూటికి ఐదిళ్ళు కూడా లేవు. రోడ్డు వేసేటప్పుడు మాత్రం ఆ ఐదిళ్ళ కొలతలే ముందుకొస్తాయి. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు వెంట సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరు 1న తెరిచారు. మంచి పనే, నేనూ వెళ్ళి తొక్కాను. అక్కడికి కార్ల వెనక స్టాండుకు సైకిళ్ళు కట్టుకుని వచ్చినవాళ్ళు చాలామంది కనిపించారు. ఆరోగ్యం కోసం తొక్కేవాళ్ళకు ఆ నీడ దొరికింది. డ్యూటీకి తొక్కేవాళ్ళకు దొరకాల్సిన నీడ ఊరి మధ్యలో ఉండాలి.

నెదర్లాండ్స్ పేరెత్తితే అక్కడ కార్లు లేవనుకుంటారు. ఉన్నాయి, ఇద్దరు మనుషులకు ఒకటి చొప్పున. మనుషుల కంటే సైకిళ్ళు ఎక్కువున్న దేశం కూడా అదే. 1971లో అక్కడ రోడ్డు ప్రమాదాల్లో మూడు వేల మూడు వందల మంది పోయారు. అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. ఆ తల్లిదండ్రులు వీధుల్లో కూర్చుని అడిగితే, అడిగీ అడిగీ సాధిస్తే సైకిలు దారులు వచ్చాయి. కారున్నవాళ్ళు కూడా వాళ్ళతో కలిసి అడిగారు. నాలాంటివాడు సైకిలు తొక్కడం వల్ల ఊరికేదైనా మేలుంటే, అది నేను మిగిల్చే కాస్త పెట్రోలు కాదు. నా మాట వినే నలుగురికి ఆ రోడ్డు ఎట్లా ఉందో తెలియడం. మా ఊళ్ళో శంకర్ విలాస్ దగ్గర పాత వంతెన స్థానంలో కొత్తది కడుతున్నారు కదా, దాని మీద సైకిలుకు ఒక చేయి వెడల్పు వదలమని కారున్నవాళ్ళం అడిగితేనే వినపడుతుంది. సైకిలు తప్ప ఇంకేమీ లేనివాళ్ళు ఎప్పటి నుంచో అడుగుతూనే ఉన్నారు.

నాకు ఎండెక్కువైతే కారుంది. పొద్దున ఏడుంబావుకు నా పక్కన తొక్కేవాళ్ళలో చాలామందికి లేదు. వెనక సిమెంటు తట్టా తాపీ కట్టుకున్న మేస్త్రి, రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్, క్యారియర్‌కు టిఫిన్ డబ్బా తగిలించుకున్న ల్యాబు కుర్రాడు. ఒకే రోడ్డు మీద ఒకే వేగంతో పోతాం, గుజ్జనగుండ్ల దగ్గర బస్సు హారన్ కొడితే అందరం ఒకే గుంటలోకి దిగుతాం. మే నెలలో మాత్రం నేను వాళ్ళ మధ్య కనపడను.

మా లైను చివర వేపచెట్టు కింద నలభై ఏళ్ళుగా సైకిళ్ళు బాగుచేసే తాత ఒకాయన ఉన్నాడు. పోయిన వారం పంచరైతే సాయంత్రం ఆయన దగ్గరికి నడిపించుకుపోయాను. టైరు ఒక పక్క లేపి, ట్యూబు లాగి, గాలి కొట్టి, బేసిన్లో నీళ్ళలో జానెడు జానెడు ముంచుతూ వచ్చాడు. బుడగలు వచ్చిన చోట వేలుపెట్టి పట్టుకుని, తుడిచి, ఆకురాయితో గీకి, సొల్యూషన్ పూసి ఊదాడు. ట్యూబు మళ్ళీ ఎక్కించే ముందు టైరు లోపలంతా వేలితో తడిమి, నలుసంత గాజు పెంకు తీసి నా అరచేతిలో పెట్టాడు. అప్పటికి చీకటి పడింది. సామాన్లు సర్దుకుని తన సైకిలు తీశాడు. రైలు పట్టాల అవతల, పాత గుంటూరులో ఆయన ఇల్లు. సైకిలుకు ముందు లైటు లేదు, వెనకా లేదు.

“చీకట్లో ఎట్టా పోతావు తాతా?” అన్నాను.

“కార్లు వస్తా ఉంటాయి గదా మాస్టారూ, ఆ ఎలుతుర్లో పోతా” అని పెడలు మీద కాలు వేశాడు.