యంత్రం మాటకు వ్యక్తిత్వం ఉన్నదా?

మనుషుల స్వభావాన్ని కొలిచే ప్రశ్నపత్రాలను కృత్రిమ మేధ భాషా నమూనాల ముందుంచి, వాటి ‘వ్యక్తిత్వ లక్షణాల’ను లెక్కగట్టడం ఇటీవల డాక్టరేటు పరిశోధనలకు అంశమైంది. ఈ చర్చలో తరచు ప్రస్తావనకు వచ్చేది 2023లో గ్రెగ్ సెరాపియో-గార్సియా, ముస్తఫా సఫ్దరీ తదితరులు వెలువరించిన పత్రం. గూగుల్ సంస్థవారి ‘పామ్’ నమూనాలకు వారు 300 వాక్యాల ప్రశ్నపత్రాన్ని పెట్టారు. పెద్దవీ, ఆదేశాలను పాటించేలా శిక్షణ పొందినవీ అయిన నమూనాల జవాబుల్లో పొంతన ఉన్నదనీ, ఆదేశంలోని విశేషణాలను మార్చి ఆయా లక్షణాలను పెంచనూ తగ్గించనూ వచ్చుననీ తేల్చారు.

ఈ పత్రంలో మెచ్చదగ్గది పద్ధతి. ఒక్క జవాబు చూసి తీర్పు చెప్పలేదు. ఒకే ప్రశ్నను వేర్వేరు పీఠికలతో అడిగారు. ఒక కొలత మరొక కొలతతో పొసగుతున్నదా అని చూశారు. నమూనా చేత రాయించిన రాతల్లోనూ అవే లక్షణాలు కనిపిస్తున్నాయా అని పరిశీలించారు.

అయితే పొంతన వేరు, వ్యక్తిత్వం వేరు. జవాబుల వరుస మారిస్తే నమూనా ఎంపిక కూడా మారుతున్నదని 2023లోనే మరికొందరు చూపారు. తన స్వభావాన్ని పరీక్షిస్తున్నారని పోల్చుకోగలిగినప్పుడు నమూనా నలుగురూ మెచ్చే జవాబుల వైపు మొగ్గుతుందని 2024లో ఇంకొక పరిశోధన తెలిపింది.

భాషాశాస్త్ర దృష్టితో చూస్తే అసలు చిక్కు కొలబద్దలోనే ఉన్నది. 1936లో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ ఇంగ్లీషు నిఘంటువు నుంచి సుమారు 18,000 స్వభావవాచకాలను ఏరారు. ఆ బాటలోనే తర్వాత ‘అయిదు లక్షణాల’ సిద్ధాంతం రూపొందింది. అంటే ఈ కొలబద్ద ఇంగ్లీషు విశేషణాలతో చెక్కినది. తెలుగులో స్వభావాన్ని ఎక్కువగా నామంతో, ‘కి’ ‘కు’ విభక్తితో చెబుతాం: ‘అతనికి కోపం ఎక్కువ’, ‘ఆమెకు మొహమాటం’. కన్నడ, తమిళాల్లోనూ ఇటువంటి నిర్మాణం ఉన్నది. ఇక మొహమాటాన్ని అయిదింటిలో ఎందులో చేరుస్తాం? అది బిడియం ఒక్కటే కాదు, మంచితనం ఒక్కటే కాదు. మామగారి ఎదుట ఉండే మొహమాటం బావమరిది దగ్గర ఉండదు. అది మనిషిలో కంటే మనుషుల మధ్య ఎక్కువగా ఉంటుంది.

ఇంకొకటి. తెలుగులో ప్రశ్న వేయాలంటే ‘నువ్వు’ అనాలా, ‘మీరు’ అనాలా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇంగ్లీషుకు ఆ అవసరం లేదు. సంబోధన మారితే యంత్రం ‘స్వభావం’ కూడా మారుతుందా? ఇది పరీక్షించి తేల్చదగిన ప్రశ్న.

ఇది కేవలం పండిత చర్చ కాదు. వ్యక్తిత్వాన్ని మలచగలిగితే, ఎదుటివారిని నమ్మించి ఒప్పించడానికీ దాన్ని వాడవచ్చునని ఆ పత్రకర్తలే హెచ్చరించారు. యంత్రం ఓర్పుగా మాట్లాడిందంటే ఆ ఓర్పు ఎవరో అమర్చినది కావచ్చు. సలహా కోసం దాన్ని ఆశ్రయించే విద్యార్థి ఈ సంగతి మరవరాదు.

హోసూరులోనో, బరంపురంలోనో, బెంగుళూరులోనో ఇంట ఒక భాష, బయట ఒక భాష మాట్లాడే మీకు ఈ పరిశీలనలో ఒక అనుకూలత ఉన్నది. మీ ఇళ్లలోని పెద్దలు మనుషుల స్వభావాన్ని చెప్పడానికి వాడే మాటలను ముందు పోగుచేయండి. ఆ జాబితా లేకుండా ఇంగ్లీషు ప్రశ్నపత్రాన్ని అనువదించి యంత్రానికి పెడితే, తేలేది యంత్రం స్వభావమో అనువాదం స్వభావమో చెప్పలేం.