‘హాట్ రాడ్’ – పౌరుషభ్రమ

బండిపైనుండి క్రిందపడినవానిని చూచి నవ్వుట మోటు అభిరుచియని పెద్దలందురు. ఆ నవ్వు కొకప్పుడు ప్రయోజనము కూడ కలదని, 2007వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన ‘హాట్ రాడ్’ అను హాస్యచిత్రమును చూచినపుడు మాకు తోచినది. దీనికి అకీవా షాఫర్ దర్శకుడు. ఆండీ సాంబర్గ్ నాయకపాత్రధారి.

రాడ్ కింబుల్ తనను సాహసక్రీడల వీరునిగా నెంచుకొను యువకుడు. వాహనము చిన్న మోపెడు, నేర్పు మృగ్యము. చనిపోయిన తండ్రి ఈవెల్ కనీవెల్ అను ప్రసిద్ధ సాహసికునియొద్ద పనిచేసెనని తల్లి చెప్పిన మాటను వేదవాక్యముగా నమ్మినాడు. మారుతండ్రియైన ఫ్రాంకు వానిని మగవానిగా నెంచడు. ఇంటిలోనే యిరువురకు ముష్టియుద్ధములు. ఇంతలో ఫ్రాంకునకు గుండెజబ్బు ముదిరి, శస్త్రచికిత్సకు 50,000 డాలర్లు కావలసివచ్చును. ఆ సొమ్ము తెచ్చుటకు రాడ్ పూనుకొనును. ఏల? స్వస్థుడైన పిదప వానిని చితుకగొట్టుటకు! 1975లో ఓహాయో రాష్ట్రమున కనీవెల్ 14 బస్సులను లంఘించెను. రాడ్ 15 బస్సులను లంఘింతునని ప్రతిజ్ఞ పట్టును.

కొట్టుటకై బ్రదికించుట యను నీ వైపరీత్యమే చిత్రమునకు జీవము. రాడ్ కొండవాలున దొర్లిపడు ఘట్టమును చూడుడు. మొదట నవ్వుదుము, ఎంతకును ముగియకపోవుటచే నవ్వు ఆగిపోవును, ఇంకను దొర్లుచుండుటచే మఱల నవ్వు పుట్టును. మూకచిత్రములనాటి బస్టర్ కీటన్ పడుటలో అద్భుతమైన నేర్పు చూపెను. ఇచ్చట నేర్పులేమియే వేడుక.

తండ్రి వీరుడు కాడనియు, తినుబండారము గొంతున కడ్డుపడి మరణించెననియు తుదకు తల్లి బయటపెట్టును. బిడ్డ మనసు నొవ్వరాదని పలికిన అబద్ధము వాని యొడలికి గాయములు తెచ్చినది. మన యిండ్లలో మాత్రము, తాతల పరాక్రమమును పెంచి చెప్పి, “మగపిల్లవాడవు, ఏడువకుము” అని మందలించువారు లేరా?

ఇంత చక్కగా చూపిన చిత్రము కడపట తడబడినది. రాడ్ బస్సులను దాటి, నేలగూలి, సొమ్ము కూర్చును. పిమ్మట కోలుకొన్న ఫ్రాంకును నిజముగనే కొట్టి, తాను మగవాడనని వానిచే నొప్పించుకొనును. ప్రాణము నిలిపినవానికి గౌరవము పిడికిలివలననే రావలయునా? అదియు హాస్యమేయని చిత్రకర్తల పక్షమున చెప్పవచ్చును. కాని యంతవఱకు ఏ భ్రమను నవ్వులపాలు చేసిరో, దానికే తుదిని పట్టము కట్టినట్లైనది. ఎదిగిన పిల్లలతో కూడి ఈ చిత్రమును చూచి, మనసార నవ్విన పిదప, ఈ ప్రశ్నను వారినే అడుగుట మేలని మా యభిప్రాయము.