కాగితానికెక్కని తాతలు

అలంపురం నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల కాలంవి. ఇక్కడ బతికిన గడియారం రామకృష్ణశర్మ ఆత్మకథ ‘శతపత్రము’కు 2007లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఊరి గతం చదవడానికి ఆయనకు శాసనాలున్నాయి. ఆ రాళ్లు మోసినోళ్ల మనుమలకు ఏమున్నాయి?

ఈ ప్రశ్నతోనే వై.బి. సత్యనారాయణ ‘మా నాయన బాలయ్య’ చదవాలి. 2011లో ఇంగ్లీషులో వచ్చిన ఈ పుస్తకాన్ని పి. సత్యవతి తెలుగు చేశారు. కరీంనగర్ ప్రాంతపు మాదిగ కుటుంబం కథ ఇది. ముత్తాతకు నిజాం 50 ఎకరాలిస్తే, దొర రెండెకరాలే మిగిల్చాడు. తాత ఊరిడిచి రైల్వేలో చేరాడు. తండ్రీ రైల్వే నౌకరే చేశాడు. పిల్లలు చదువుకున్నారు.

ఇందులో పట్టుకోవలసిన సంగతొకటుంది. నౌకరికి పేరు కావాలి, జీతం లెక్క కావాలి. వెట్టికి ఏ కాగితమూ అక్కర్లేదు. ‘ఒరేయ్’ అంటే చాలు. మనవాళ్ల పేర్లు దస్త్రాల్లో లేకపోవడం మరుపు కాదు, వెట్టి నడిచిన పద్ధతే అది. 50 ఎకరాలకు రుజువేదని అడిగే పండితులుంటారు. పోగొట్టుకున్నోణ్ణి అడిగే రుజువు గుంజుకున్నోణ్ణి ఎందుకడగరు?

అట్లని పుస్తకాన్ని పొగిడి వదిలేస్తే విమర్శ కాదు. వంశం లెక్క తండ్రి నుంచి కొడుక్కే నడిచింది. తల్లుల కష్టం కనిపిస్తుంది గానీ, తల్లుల తల్లులు ఏ ఊరోళ్లో, ఏం పని చేశారో ఆ వరసలోకి రాదు. మాదిగల వంశాలు చెప్పే డక్కలోళ్ల నోటి చరిత్రను జానపదం అని పక్కన పెట్టకుండా సాక్ష్యంగా తీసుకోవాల్సిందే. కానీ దాన్నీ ఇదే ప్రశ్న అడగాలి.

మన దగ్గర వెతికేవాళ్లకు ఇంకో చిక్కుంది. అలంపురం, గద్వాల తాలూకాలు 1956 దాకా రాయచూరు జిల్లావి. రాష్ట్రాలు విడిపోయినయి, దస్త్రాలూ చెదిరినయి. 1954-55 ఖాస్రా పహాణీలో పట్టాదారు పేరుతో ఆగకూడదు, సాగుచేసినోడి గడి కూడా చూడాలి. మనోళ్లు దొరికితే అక్కడే దొరకొచ్చు. ఆడోళ్లు అక్కడా దొరకడం కష్టమే. కాబట్టి దస్త్రం తెరవకముందే ఇంట్లో ముసలమ్మను పుట్టినూరేదో, ఎవరి పొలంలో నాట్లేసిందో, కూలి ఏమిచ్చారో అడిగి రాసుకోవాలి. పహాణీ రేపూ ఉంటుంది, ఆమె ఉండదు.