అయనావరణం అద్దమేనా?

రేడియో తరంగాల దూరప్రయాణాన్ని బోధించేటప్పుడు మన సైన్సు పాఠాలలో ఒక ఉపమానం తరచు వినబడుతుంది: ఆకాశంలో అయనావరణమనే అద్దమున్నదట, తరంగాలు దానికి తగిలి భూమికి తిరిగి వస్తాయట. ఉపమానం సులభమైనదే. హ్రస్వతరంగాలు ఖండాలు దాటడం దీనితో బోధపడుతుంది. కాని అద్దమనగానే విద్యార్థి నునుపైన, కదలని తలాన్ని ఊహిస్తాడు. చిక్కంతా అక్కడే ఉన్నది.

పెరూ దేశంలోని హువాంకాయోలో సేకరించిన రేడియో ప్రతిధ్వనులను బుకర్, వెల్స్ అనే శాస్త్రజ్ఞులు 1938లో వివరించారు. రాత్రివేళ అవి స్పష్టమైన గీతగా గాక చెదరి కనిపించాయి. నునుపైన అద్దం అలా చెదరగొట్టదు.

దీనికి కారణమేమి? సూర్యాస్తమయం తరువాత అయనావరణపు క్రింది పొరలోని ఎలక్ట్రానులు త్వరగా అయానులతో కలిసిపోతాయి. పై పొర మాత్రం నిలిచి, విద్యుత్ క్షేత్రం వల్ల ఇంకా పైకి లేస్తుంది. సాంద్రమైనది పైన, పలుచనిది క్రింద! నీటి అడుగున చిక్కిన నూనె వలె పలుచని భాగాలు బుడగలై పైకి లేచి, అయస్కాంత బలరేఖల వెంట ఉత్తర దక్షిణాలకు సాగుతాయి. అందుచేత అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణపు కొస వద్ద ఉన్నప్పటికి, కరీంనగరు, ఆదిలాబాదు ఆకాశానికి కూడా వీటి బెడద తప్పదు. తిరుపతి సమీపాన గాదంకిలోని 53 మెగాహెర్ట్జుల రాడారు ఈ బుడగలలో 3 మీటర్లకు లోపు పరిమాణం గల ఒడుదుడుకులను సైతం పట్టి చూపింది.

అద్దం పోలిక బొత్తిగా పనికిరాని చోటు మరొకటున్నది. జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుండి 1,575.42 మెగాహెర్ట్జులపై పంపే సంకేతాలు అయనావరణంలో ప్రతిఫలించవు, దానిని దాటి వస్తాయి. అయినా నక్షత్రాల వలె మినుకుమంటాయి. సూర్యునిపై మచ్చలు హెచ్చిన సంవత్సరాలలో, మార్చి–ఏప్రిల్, సెప్టెంబరు–అక్టోబరు రాత్రులలో ఈ బాధ అధికం. తీవ్రమైనప్పుడు గ్రాహకానికి సంకేతమే అందదు. విమానాల కొరకు ఏర్పడిన గగన్ వ్యవస్థ కూడా దీనిని లెక్కలోనికి తీసుకొనవలసి వచ్చింది. అద్దం పాఠం మాత్రమే చదివినవాడు పరికరాన్నో, మబ్బునో నిందిస్తాడు.

విద్యార్థికి నీటిని కూడా చూపాలి. ధర్మపురి వద్ద గోదావరిలో లోతులేని చోట, గాలి లేనప్పుడు అడుగు ఇసుకపై ఎండ సమంగా పడుతుంది. అలలు లేవగానే అదే ఎండ వెలుగుగీతలుగా, నీడలుగా విడిపోయి కదులుతుంది. సూర్యుడు మారలేదు, ఇసుక మారలేదు; నడుమ నీరు కదిలింది. ఈ పోలికకు కూడా హద్దున్నది: నది అలలు పైభాగాననే ఉంటాయి, అయనావరణపు హెచ్చుతగ్గులు వందల కిలోమీటర్ల మందాన వ్యాపిస్తాయి. ఆ సంగతిని కూడా ఉపాధ్యాయుడు చెప్పాలి. అద్దం పాఠాన్ని తీసివేయనక్కరలేదు. దాని ప్రక్కన ఈ పాఠాన్ని చేర్చితే చాలును.