అలీబాబా మనోడే, మరి హబ్షీ?

2020 వేసవి. లాక్‌డౌన్. థియేటర్లకు తాళాలు. బి. విఠలాచార్య తీసిన 'అలీబాబా 40 దొంగలు' 1970లో వచ్చింది. అంటే దానికి యాభై ఏళ్లు. ఆ స్వర్ణోత్సవం హబ్సిగూడలో మా ఇంట్లోనే జరిగింది. పాత వీసీడీ పెట్టి మా చిన్నోణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను. అలీబాబా ఎన్టీఆర్, మర్జియానా జయలలిత. గుహ తలుపు తెరుచుకోగానే వాడు చప్పట్లు కొట్టాడు.

బొమ్మ అయిపోయి టీవీ పెడితే వార్తలు. ఢిల్లీ మర్కజ్ పేరు చెప్పి కరోనాను మా మతానికి అంటగడుతున్న రోజులవి. చిన్నోడు కాసేపు చూసి అడిగాడు: "అబ్బూ, అలీబాబా కూడా మనోడే కదా?"

వాడు అడిగింది సినిమా గురించి కాదు.

తెలుగు సినిమా ముసల్మాను పేర్లను ప్రేమించని కాలం లేదు. 1957లో అక్కినేని అల్లావుద్దీన్ అయ్యాడు. 1962లో 'గులేబకావళి కథ', 1968లో 'బాగ్దాద్ గజదొంగ', రెండింటిలోనూ ఎన్టీఆరే. ఊళ్లల్లో జనం ఆ పేర్లకు ఈలలు వేశారు. పరాయి కథ అని ఎవరూ అనలేదు. ఈ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ బాగ్దాద్‌లో పేరు మాది, బతుకు మాది కాదు. తలపాగా, కత్తి, మాయాదీపం ఉన్నంతసేపు మేం ముద్దు. అదే పేరు పెట్టుకుని అద్దె ఇల్లు అడిగితే "ఫ్యామిలీ వాళ్లకు మాటిచ్చేశాం" అంటారు. కథలో చోటుంది, వాటాలో లేదు.

అసలు ఆ కథలైనా అచ్చంగా మావేనా? అలీబాబా, అల్లావుద్దీన్ కథలు వెయ్యిన్నొక్క రాత్రుల పాత అరబ్బీ ప్రతుల్లో లేవు. అలెప్పో నుంచి వెళ్లిన హన్నా దియాబ్ అనే క్రైస్తవుడు 1709లో పారిస్‌లో గాలాన్‌కు చెప్పిన కథలవి. గాలాన్ వాటిని ఫ్రెంచిలో రాశాడు. ఇన్ని చేతులు మారిన కథను మతానికి కట్టేసి, ఆ మతాన్ని మళ్లీ కత్తికి కట్టేస్తే అది ఎవరి కన్ను?

1992లో డిస్నీ 'అలాద్దీన్' తీసింది. అమెరికాలోని అరబ్బులు గొడవ చేస్తే, 1993లో వీడియో క్యాసెట్ వచ్చేసరికి మొదటి పాటలో చెవులు కోసే మాట మార్చారు. ఆ దేశం అనాగరికం అన్న మాట మాత్రం ఉంచారు. సగం న్యాయమే. అయినా ఇంటికొచ్చే బొమ్మను మళ్లీ చూసుకోవచ్చు, నిలదీయొచ్చు అని వాళ్లు చూపించారు. మన పాత సినిమాలు క్యాసెట్లయ్యాయి, వీసీడీలయ్యాయి, ఇప్పుడు ఫోన్లోకొచ్చాయి. ఆ ప్రశ్న మనం ఎప్పుడైనా అడిగామా?

అడిగేటప్పుడు వేలు మనవైపూ తిప్పుకోవాలి. నేను చిన్నప్పుడు విన్న ఉర్దూ కిస్సాల్లో హబ్షీ అంటే నల్లటి రాక్షసుడు, తలుపు దగ్గర కత్తి పట్టుకున్న బానిస. మేం నవ్వాం, భయపడ్డాం. వాడికీ ఒక అమ్మీ ఉంటుందని ఎవరూ చెప్పలేదు. మా హబ్సిగూడ పేరు ఆ హబ్షీల వల్లే వచ్చిందంటారు. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకొచ్చిన ఆఫ్రికా గుర్రపు దళం పేరు ఏసీ గార్డ్స్ బస్తీకి మిగిలింది. వాళ్ల మర్ఫా మోగకపోతే మనకు బారాత్ కదలదు. కానీ మన అస్తిత్వం గురించి మాట్లాడేటప్పుడు వాళ్లు ఎక్కడ? మెజారిటీ కళ్లు మనల్ని చూసినట్టే మన కళ్లు వాళ్లను చూశాయి.

అలీబాబా కథలో ప్రాణాలు కాపాడింది అలీబాబా కాదు, మర్జియానా. ఆమె ఆ ఇంట్లో బానిస. తలుపు మీద గుర్తు చూసి పసిగట్టింది ఆమె, నూనె జాడీల్లో దొంగలున్నారని కనిపెట్టింది ఆమె. అయినా కథకు పేరు అలీబాబాదీ, దొంగలదీ.

పాత సినిమాలను కత్తిరించమని నేను అడగను. పిల్లల పక్కన కూర్చుని చూడమంటాను. ఆ రాత్రి టీవీ కట్టేసి చిన్నోడికి చెప్పాను: "అవును బేటా, అలీబాబా మనోడే. మర్జియానా కూడా మనదే. మన గల్లీకి పేరిచ్చిన హబ్షీ కూడా."

"మరి ఆయన కథేది?" అన్నాడు.

నా దగ్గర ఆ వీసీడీ లేదు.