ఆరుగురు అను అంకె

ఆత్మహత్య వలన ఒకరు మరణించినచో వెనుక ఎందరు దుఃఖితులు మిగులుదురు? చాలకాలము పుస్తకములన్నియు "ఆరుగురు" అని బదులు చెప్పినవి. అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ ష్నైడ్‌మన్ 1970 ప్రాంతమున వేసిన అంచనా ఇది. వెనుక మిగిలినవారికి చేయవలసిన సహాయమును ఒక శాస్త్రవిషయముగా నిలబెట్టినవాడు ఆయనే. ఆయన యెడల గౌరవము తగ్గకుండగనే ఒక మాట అనవలసియున్నది. ఆ ఆరు కొలిచిన అంకె కాదు, ఊహించిన అంకె. ఒకరినుండి ఒకరు ఎత్తి వ్రాయగా వ్రాయగా సత్యమువలె చలామణి అయినది.

2018లో జూలీ సెరెల్, ఆమె సహచరులు ప్రజలనే అడిగి లెక్క కట్టి ప్రకటించిరి. ఒక్కొక్క మృతుని ఎరిగియున్నవారు 135 మంది అని తేలినది. విద్యార్థులు ఇక్కడ తొందరపడరాదు. వీరు ఎరిగినవారు మాత్రమే. అందరును దుఃఖితులు కారు. 2014లోనే సెరెల్ బృందము వీరిని వలయములో వలయముగా విభజించినది: ఎరిగినవారు, వారిలో కలతపడినవారు, వారిలో కొంతకాలము శోకించువారు, అందరికంటె లోపల దీర్ఘకాలము శోకించువారు. ఆరుకంటె ఈ విభజనమే నాకు ఎక్కువ విలువైనదిగా తోచుచున్నది.

2022లో మన దేశమున నమోదైన ఆత్మహత్యలు 1,70,924. ఆరుతో హెచ్చవేసిన 10 లక్షల పైచిలుకు. 135తో 2 కోట్ల 30 లక్షలు. ఈ రెండవ గుణకారమును గూడ నేను ఒప్పుకొనలేను. అమెరికాలో తీసిన సగటును మన పల్లెకు అతికించుట ఎట్లు? ఒకే మనిషి ఇద్దరు మృతులను ఎరిగియుండవచ్చును గదా!

అంకెతో ఇంత తగవెందుకందురా? ఆరుగురనగానే తల్లిదండ్రులు, భార్య, పిల్లలు మనస్సున మెదలుదురు. పక్కబెంచీ స్నేహితుడు లెక్కలోనికి రాడు. ఆ సంవత్సరపు మృతులలో విద్యార్థులే 13,044 మంది.

నా తరగతిలో అన్నను పోగొట్టుకొన్న కుర్రవాడు పదునైదు దినములకు తిరిగి వచ్చినాడు. "ఎందుకు చేసుకొన్నాడట?" అని అడిగినవారు చాలమంది, పోయిన పాఠముల నోట్సు ఇచ్చినది ఒక్క బాలిక. ఇంటిలో పోలీసుల పంచనామా, మరణ ధ్రువపత్రము, అప్పులవారు, అన్నియు ఒక్కసారే మీదపడినవి. నేనును ఏమనవలెనో తోచక హాజరు పిలిచి ఊరకుంటిని. తరువాత చదివి తెలిసికొంటిని: పోయినవారి పేరెత్తుటకు భయపడనక్కరలేదు, "చెప్పుకొనవలెననిపించిన నేను వినెదను" అన్నను మేలే, కారణము ఇదొక్కటేనని తేల్చుట, తప్పెవరిదని వెదకుట మాత్రము తగదు. నిద్రాహారములు వారములతరబడి చెడినను, తామును బ్రతుకరాదనిపించినను వైద్యసహాయము కావలెను. 2022లో ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 నంబరుపై ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును.

నా విద్యార్థి ఇంటికి బంధువులు వచ్చినారు, కొంత ధనసహాయము చేసినారు. ఆ అన్నతో దినమును సైకిలుపై కళాశాలకు పోయిన మిత్రుని ఇంటికి మాత్రము ఎవ్వరును పోలేదు.