రైలు వేగానికి సరిపడే కొలత

2022 మార్చి 4న వికారాబాద్ సమీపంలోని గుల్లగూడ–చిట్టిగిడ్డ స్టేషన్ల మధ్య ఒకే పట్టాల మీద రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపారు. ఒకదాంట్లో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఉన్నారు. ఎదుటి ఇంజన్ ఇంకా 380 మీటర్ల దూరంలో ఉండగానే రైళ్లు ఢీకొనకుండా ఆపే ‘కవచ్’ వ్యవస్థ మంత్రి ఉన్న ఇంజన్‌ను ఆపేసింది. బ్రేకు పడటాన్ని అందరూ మెచ్చుకున్నారు. నన్నడిగితే మెచ్చుకోవాల్సింది రేడియోని. ఇంజన్ స్టేషన్ టవర్లతోనూ, అవసరమైతే ఎదుటి ఇంజన్‌తో నేరుగానూ మాట్లాడుతుంది. టవర్ల మీద ఆధారపడేది కాబట్టి కవచ్‌ను పూర్తి అడ్‌హాక్ నెట్‌వర్క్ అనలేం. కానీ టవర్ల అండ లేకుండా పరికరాలే సందేశాన్ని చేతులు మార్చుకునే ఆ నెట్‌వర్క్‌ల అసలు చిక్కు ఇక్కడా ఉంది: కదులుతుంటే సిగ్నల్ నిలకడగా ఉండదు.

అలాంటప్పుడు సందేశాన్ని ఏ దారిన పంపాలి? తక్కువ మజిలీలున్న దారినే ఎంచుకోవడం పాత పద్ధతి. మజిలీలు తగ్గాలంటే మజిలీల మధ్య దూరం పెరుగుతుంది, సిగ్నల్ బలహీనపడుతుంది. 2003లో ఎంఐటీ పరిశోధకులు 29 నోడ్లతో (సందేశాన్ని అందించే పరికరాలతో) దీన్ని నిరూపించి, ఎన్నిసార్లు పంపితే సందేశం చేరుతుందో లెక్కగట్టే ‘ఈటీఎక్స్’ కొలతను ప్రతిపాదించారు. స్థిరమైన నోడ్లకు అది బాగా పనిచేసింది. అయితే కొలుస్తూ పోతే చాలా? చాలదు. ఈటీఎక్స్ పది సెకన్ల సగటు తీస్తుంది; గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే రైలు ఆలోగా దాదాపు 280 మీటర్లు దాటేస్తుంది. కదిలే నోడ్ల విషయంలో పాత మజిలీల లెక్కే మెరుగని 2004లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు గమనించారు కూడా.

అలాగని సగటు తీసే వ్యవధిని కుదించడమూ పరిష్కారం కాదు. 450 మెగాహెర్ట్జ్ తరంగమైతే, ప్రతిఫలనాలు ఎక్కువగా ఉన్నచోట ప్రతి 33 సెంటీమీటర్లకూ సిగ్నల్ పడిపోవచ్చు. అంటే అదే వేగంలో సెకనుకు ఎనభై సార్లు. ప్రతిసారీ దారి మారిస్తే దారులు వెతికే సందేశాలతోనే నెట్‌వర్క్ నిండిపోతుంది. ఆ క్షణికమైన తడబాటును మళ్లీ పంపడం ద్వారా రెండు నోడ్ల మధ్య లింకే సర్దుకోవాలి. దారిని ఎంచుకునే రూటింగ్ పట్టించుకోవాల్సింది నెమ్మదిగా వచ్చే మార్పును. పక్క లైనులో గూడ్సు అడ్డొస్తే ఏంటంటారా? అదీ కాసేపే కాబట్టి లింకు పనే. కొండ చాటు, మలుపు మాత్రం రేపూ అక్కడే ఉంటాయి. స్లీపర్లకు బిగించిన ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులతో ఇంజన్‌కు తానెక్కడుందో తెలుస్తూనే ఉంటుంది. ఇక రాబోయే బలహీనత కోసం అది చీకట్లో తడుముకోవడం ఎందుకు? వికారాబాద్ నుంచి ధారూర్ మీదుగా తాండూరు వెళ్లే లైను లాంటి వాటికి ముందు సిగ్నల్ పటం గీయాలి, రూటింగ్ ప్రోటోకాల్ ఎంపిక ఆ తర్వాతే.